విల్బెర్త్‌కు నేను నేర్పిన మూడు మాటలు

విల్బెర్త్ కనూల్ చేతులు నాకు నా చేతులకన్నా బాగా తెలుసు. పంతొమ్మిదేళ్ళ వయసులో మొదటిసారి నా ఎదురుగా కూర్చుని వేళ్ళు చాపాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళుగా, ప్రతి పోటీకీ ముందు ఆ వేళ్ళ మధ్యనుంచి గుడ్డపట్టీ తిప్పి, మణికట్టు దగ్గర బిగించి, పైన టేపు వేసేది నేనే. పోటీ మొదలయ్యాక నా పని రక్తంతో. రౌండుకీ రౌండుకీ మధ్య ఒక్క నిమిషం ఉంటుంది. ఆ నిమిషంలో కనుబొమ మీద తెగిన చోట మందు అద్ది రక్తం ఆపాలి. ఆపితే ఎవరికీ గుర్తుండదు, ఆపకపోతే జన్మంతా తిడతారు. నా పేరు యుస్తాకియో తున్, వయసు అరవై మూడు. జిమ్ములో అందరూ గౌరవంగా దోన్ తాకియో అంటారు.

విల్బెర్త్‌కు మాత్రం కొంపాద్రేని. వాడి కూతురు నెల్సీకి మూడో నెల వచ్చినప్పుడు, మా ఆచారం ప్రకారం ఆ పిల్లను మొదటిసారి నడుం మీద ఎక్కించుకుని బల్ల చుట్టూ తొమ్మిది చుట్లు తిరిగి, ఆ చిన్న గుప్పిట్లో సూది, పెన్సిలు, గరిటె ఒక్కొక్కటీ పెట్టించింది నేను. ఆ రోజునుంచి పిల్లకు జ్ఞానతండ్రిని, పిల్ల తండ్రికి కొంపాద్రేని, తల్లి నాకు కొమాద్రే. మా ఊరు తీష్కోకోబ్‌లో అన్నదమ్ములు మాటలు మానేసి ఏళ్ళ తరబడి బతికేస్తారు. కొంపాద్రేలు మాత్రం మానకూడదు. అందుకే ఇప్పుడు చెప్పబోయేది నాకింత బరువుగా ఉంది.

వాడిది పడుకునే వల ఊయలలు అల్లే ఇల్లు. తొమ్మిదేళ్ళకే చెక్క చట్రం ముందు నిలబడ్డాడు. పొద్దున జిమ్ము, మధ్యాహ్నం అల్లిక, సాయంత్రం మళ్ళీ జిమ్ము. వాడి ఎడమ చేతి పక్కదెబ్బ పక్కటెముకల కింద తగిలితే ఎదుటివాడు మోకాళ్ళ మీద కూర్చుని నేలవైపు చూసేవాడు. అది అల్లిక వల్ల వచ్చిన బలమని వాళ్ళ నాన్న అనేవాడు. నేనే నేర్పానని నేను అనేవాణ్ణి. ఎవరిది నిజమో ఇప్పుడు తేల్చుకుని చేసేదేమీ లేదు.

అరవై ఒక్క పోటీలు ఆడాడు. ముప్పై తొమ్మిది గెలిచాడు. ఆ ముప్పై తొమ్మిదే వాడి కొంప ముంచింది. ముప్పై ఎనిమిది దగ్గర ఆగినా, నలభై ఒకటి దగ్గర ఆగినా ఇంట్లో కూర్చునేవాడేమో. నలభై గెలిచి ఆపేస్తానని వాడు అనడం మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. ఆ నాలుగేళ్ళలో ఐదు ఓడాడు. రెండుసార్లు ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు కూడా. రింగు మధ్యలో నిలబెట్టి, మా పద్ధతి ప్రకారం గంటను పదిసార్లు కొట్టి, జనమంతా లేచి నిలబడి సాగనంపారు. మొదటిసారి అందరూ ఏడ్చారు. రెండోసారి గంట ఆరోసారి మోగేసరికే కొందరు లేచి వేయించిన రొట్టెల బండి దగ్గరికి వెళ్ళిపోయారు. మూడోసారి కొట్టడానికి ఏ నిర్వాహకుడూ ఒప్పుకోడు.

బాక్సరు ఎప్పుడు మానాలని నన్ను చాలామంది అడుగుతారు. ముప్పై ఐదు దాటితే అని కొందరు, మూడుసార్లు స్పృహ తప్పి పడితే అని ఇంకొందరు లెక్కలు చెబుతారు. నా సంగతి వేరు. ముప్పై మూడేళ్ళప్పుడు నా కుడి కంట్లో నల్లటి తెర దిగింది, డాక్టరు లైసెన్సు చింపేశాడు. వారం రోజులు ఆయన్ని బండబూతులు తిట్టాను. ఇప్పుడనిపిస్తుంది, నా బదులు ఎవరో నిర్ణయించారు కాబట్టి బతికిపోయానని. తనంతట తను మానిన బాక్సరును నేను నా కంటితో, ఆ మిగిలిన ఒక్క కంటితోనే అనుకోండి, ఇంతవరకు చూడలేదు.

పోయిన వేసవిలో పక్క రాష్ట్రంలోని ఒక రేవు ఊరినుంచి పిలుపొచ్చింది. ఊరి పేరు చెప్పను, వాళ్ళు నాకు ఇంకా పని ఇవ్వాలి. ఎదుటివాడికి ఇరవై మూడేళ్ళు. పన్నెండు పోటీల్లో పన్నెండూ గెలిచాడు, పదిమందిని స్పృహ తప్పించి పంపాడు. వాడి గెలుపుల జాబితాలో వేసుకోవడానికి పేరున్న ముసలివాడొకడు కావాలి. ఇది నిర్వాహకుడికి తెలుసు, నాకు తెలుసు, జిమ్ము ఊడ్చే ఆమెకు కూడా తెలుసు. విల్బెర్త్‌కు మాత్రం అది నలభయ్యో గెలుపు.

సాధన మొదలైన వారంలో ఒక సంగతి జరిగింది. ఒక కుర్రబాక్సరుతో మూడు రౌండ్లు ఆడించాను. రెండో రౌండు అయి గంట మోగగానే విల్బెర్త్ నేరుగా ఎదుటివాడి మూలకు వెళ్ళి వాడి స్టూలు మీద కూర్చున్నాడు. నోరు తెరిచాడు, నీళ్ళు పోయమని. అందరూ నవ్వారు. వాడు చుట్టూ చూసి వాడూ నవ్వాడు. నేను కూడా నవ్వి, వాణ్ణి చెయ్యి పట్టుకుని మా మూలకు తీసుకొచ్చాను.

ఆ రేవు ఊళ్ళో పోటీకి ముందురోజు పరీక్ష చేసేది డాక్టర్ అర్గాయెస్. రక్తపోటు చూస్తాడు, కళ్ళలో లైటు వేస్తాడు, ఒంటికాలి మీద నిలబెడతాడు. మొదట్లో మూడు మాటలు చెప్పి, చివర్లో వాటిని మళ్ళీ చెప్పమంటాడు, బుర్ర సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి. పధ్నాలుగేళ్ళుగా నేను ఆయన దగ్గరికి బాక్సర్లను తీసుకెళుతున్నాను. పధ్నాలుగేళ్ళుగా అవే మూడు మాటలు: నిమ్మకాయ, తాళం, గుర్రం. మా వైపు జిమ్ముల్లో ఇది తెలియనివాడు లేడు. బస్సులోనే నేర్పించేస్తాం. పరీక్ష పేపరు ముందే బయటికి వస్తే పిల్లలు ఎలా సంతోషిస్తారో మేమూ అంతే. అది మోసమని గాని, దానివల్ల ఒకడి ప్రాణం మీదికి రావచ్చని గాని ఎవరికీ తట్టలేదు. అందరికన్నా ముందు నాకే తట్టాలి, తట్టలేదు.

పోటీ ఇంకా పదిహేను రోజులుందనగా లండీ మా ఇంటికి వచ్చింది. లండీ అంటే విల్బెర్త్ భార్య. చంకలో కొత్త ఊయల చుట్ట ఉంది, పచ్చదీ తెల్లదీ కలిపి అల్లింది. పలకరింపు కూడా లేకుండా మా గోడ కొక్కేలకు తగిలించింది.

"పడుకోండి" అంది.

"పట్టపగలు పడుకుంటే పక్కింటోళ్ళు ఏమనుకుంటారు కొమాద్రే?"

"మీరు రోజూ చేసేదేగా, కొత్తగా ఏమనుకుంటారు. పడుకోండి."

కాళ్ళు పైకి తీసుకున్నానో లేదో, ఊయల ఎడమవైపుకి వాలి నన్ను నేలమీదికి దొర్లించింది. మోచెయ్యి గచ్చుకు కొట్టుకుంది. ఇంకెప్పుడైనా అయితే లండీ పొట్ట పట్టుకుని నవ్వేది. అప్పుడు నవ్వలేదు.

"ఇది మూడోది. ముందు రెండూ వెనక్కొచ్చినయ్. కొన్నాయన మా గుమ్మంలో పడేసి పోయాడు. తొమ్మిదేళ్ళప్పట్నించీ అల్లుతున్నాడు కొంపాద్రే, ఈయన. కళ్ళు మూసుకుని అల్లేవాడు. ఇప్పుడేమో ఎక్కడిదాకా వచ్చాడో మర్చిపోతాడు, మళ్ళీ మొదట్నించీ లెక్కెడతాడు. ఓ పక్క దారాలు ఎక్కువ, ఓ పక్క తక్కువ. అడిగితే దారం మంచిది కాదంటాడు."

నేలమీదే కూర్చుండిపోయాను.

"నేను చెప్పాను కొమాద్రే, రెండుసార్లు చెప్పాను. మీరు కూడా నాకు వయసైపోయిందంటారా అని మొహం మాడ్చుకున్నాడు."

"చెప్పమని రాలేదు నేను. ఆపమని వచ్చా."

"ఎట్లా ఆపేది?"

"నాకేం తెలుసు ఎట్లానో. చేతులు కట్టేది మీరు, ఆయన నోట్లో నీళ్ళు పోసేది మీరు. ఇరవై రెండేళ్ళు రింగు ఎక్కించారు, దించడం రాదా?" అని ఊయల విప్పి చుట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "పోయిన మంగళవారం మార్కెట్టునించి ఇంటికి దారి తెలీక బస్సుస్టాండులో కూర్చున్నాడు. నెల్సీ వెళ్ళి తీసుకొచ్చింది. అయ్య పరువు పోతుందని అది నాకు కూడా చెప్పలేదు. నిన్న చెప్పింది" అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ తరువాత నాకు కంటిమీద కునుకు లేదు. నేను రానంటే వాడు ఇంకొకణ్ణి తీసుకెళతాడు. డాక్టరుకు ముందే చెబితే, ఎవరు చెప్పారో సాయంత్రానికి తీష్కోకోబ్ అంతా తెలిసిపోతుంది. రెండు రోజులు చేతులు పిసుక్కున్నాక ఒక ఆలోచన వచ్చింది. వాడికి వేరే మూడు మాటలు నేర్పితే?

నా మనసుకు నేనిలా సర్దిచెప్పుకున్నాను. బుర్ర బాగుంటే, డాక్టరు చెప్పిన మాటలు విని అవే తిరిగి చెబుతాడు. నేను నేర్పింది వృథా అవుతుంది, అంతే. బుర్రలో కొత్తవి నిలవకపోతే, ముందే నేను నూరిపోసినవి బయటికి వస్తాయి. డాక్టరు పట్టుకుంటాడు, లైసెన్సు ఇవ్వడు. నేను మోసం చేసినట్టు కాదు, డాక్టరు మానేసిన పరీక్షను నేను పెట్టినట్టు. ఇంత చక్కగా సర్దిచెప్పుకున్నవాణ్ణి, వాడి మొహం చూడగానే ఎందుకు చెమటలు పట్టాయో నాకు తెలియదు.

"డాక్టరు ఈసారి మాటలు మార్చాడంట. ఉప్పు, నిచ్చెన, కోడి" అన్నాను, పట్టీ చుడుతూ.

వాడు నుదురు చిట్లించాడు. "కోడి కాదనుకుంటా కొంపాద్రే. గుర్రం కదా?"

గుర్రం గుర్తుంది వీడికి. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

"మార్చాడంటున్నాగా."

"ఆ ముసలాయన చొక్కానే మార్చడు, మాటలు మారుస్తాడా?"

"ఎవరో ఫిర్యాదు చేశారంట. నీకెందుకు, నేర్చుకో."

"మీరు చెప్పారంటే సరే" అన్నాడు విల్బెర్త్. ఆ ఒక్క మాట చాలు నన్ను నరకానికి పంపడానికి.

ఊరికే వల్లె వేస్తే వాడి తలకెక్కలేదు. పది నిమిషాల తరువాత అడిగితే తెల్లమొహం వేసేవాడు. చివరికి దారి వాడే కనుక్కున్నాడు. ఇసుక సంచి ముందు నిలబడి ఒక్కో దెబ్బకు ఒక్కో మాట కట్టాడు. ఎడమ చేతి సూటి దెబ్బకు ఉప్పు, కుడి చేతికి నిచ్చెన, ఎడమ చేతి పక్కదెబ్బకు కోడి. పన్నెండు రోజులు, రోజుకు కొన్ని వందలసార్లు. జిమ్ములో అందరూ ఉప్పూ నిచ్చెనా అని వాడి వెనక పాడటం మొదలుపెట్టారు. వాడు అది తనకు గౌరవమనుకున్నాడు. నేను మందు సీసాలు తుడిచినవే మళ్ళీ తుడుస్తూ కూర్చునేవాణ్ణి.

బస్సులో వాడు హాయిగా నిద్రపోయాడు. లండీ కట్టిచ్చిన పంది మాంసం పొట్లం నా ఒళ్ళో పెట్టుకుని నాలుగు గంటలు మేలుకుని కూర్చున్నాను. బరువు తూచేదాకా వాడు తినకూడదు. పొట్లం నేనూ విప్పలేదు.

డాక్టరుగారి గది చిన్నది. గోడ గడియారం, నిర్వాహకుడి తాలూకు మనిషి ఒకడు, తిరిగీ తిరగని ఫ్యాను. విల్బెర్త్ చొక్కా విప్పి బల్ల మీద కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"నిమ్మకాయ, తాళం, గుర్రం" అన్నాడు డాక్టరు, కాగితం మీదనుంచి తల ఎత్తకుండానే. "అను."

"నిమ్మకాయ, తాళం, గుర్రం" అన్నాడు విల్బెర్త్, తడుముకోకుండా. ఒకసారి నావైపు చూశాడు. కోడి ఏదీ అన్నట్టుంది ఆ చూపు.

"గుర్తుపెట్టుకో. మళ్ళీ అడుగుతా."

రక్తపోటు పట్టీ కట్టాడు. లైటు వేశాడు. వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు, కాస్త తడబడి ముట్టుకున్నాడు. ఒంటికాలి మీద నిలబెట్టి, బేస్‌బాల్ గురించి నిర్వాహకుడి మనిషితో మాట్లాడాడు. ఆ ఐదు నిమిషాల్లో నేను ఒకదానికొకటి పొసగని రెండు మొక్కులు మొక్కాను. వీడు సరిగా చెప్పాలి దేవుడా, వీడి బుర్ర బాగుండాలి. వీడు తప్పు చెప్పాలి దేవుడా, రేపు వీడు రింగు ఎక్కకూడదు.

"సరే, ఆ మూడు మాటలు?"

విల్బెర్త్ కళ్ళు ఒక్కసారి గదంతా తిరిగాయి. గడియారం, తలుపు, నేను. ఎడమ భుజం కొద్దిగా కదిలింది. తరువాత కుడి భుజం. మళ్ళీ ఎడమ.

"ఉప్పు. నిచ్చెన. కోడి."

క్లాసులో లెక్క ముందుగా చేసేసిన పిల్లాడిలా నన్ను చూసి నవ్వాడు. అయిపోయింది, ఇక డాక్టరు తల ఎత్తుతాడు అనుకున్నాను.

"ఊఁ, బావుంది" అని డాక్టరు స్టాంపు అందుకున్నాడు.

ఆయన వినలేదు. మూడు మాటలు వినబడ్డాయి, ఆయనకు అంతే కావాలి. పధ్నాలుగేళ్ళుగా మేమంతా సరిగ్గానే చెబుతూ వచ్చాం కదా, ఇక వినడమెందుకు? పన్నెండు రోజులు అన్నీ ఆలోచించాను, ఆయన వింటాడా లేదా అన్నది ఒక్కటే ఆలోచించలేదు. స్టాంపు సిరా డబ్బాలో దిగింది. ఆ కొద్ది క్షణాల్లో నోరు మూసుకుని ఉండొచ్చని కూడా అనిపించింది. అబద్ధం చెప్పను, అనిపించింది.

"డాక్టరుగారూ, మీరిచ్చిన మాటలు అవి కావు."

"ఏంటి?"

"మీరిచ్చింది నిమ్మకాయ, తాళం, గుర్రం. వాడు చెప్పింది వేరే."

నిర్వాహకుడి మనిషి లేచాడు. "దోన్ తాకియో, మీకేమైనా పిచ్చా? మీ మనిషే కదా."

విల్బెర్త్‌కు ముందు అర్థం కాలేదు. నావైపు, డాక్టరువైపు మార్చి మార్చి చూశాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు, "కొంపాద్రే, మీరేగా చెప్పారు, మార్చారని."

డాక్టరు స్టాంపు పక్కన పెట్టాడు. సిగ్గుపడ్డాడో, కోపమొచ్చిందో గాని, పధ్నాలుగేళ్ళలో మొదటిసారి మాటలు మార్చాడు. కిటికీ, చెప్పు, వాన. రెండు నిమిషాలకు అడిగితే విల్బెర్త్ వాన ఒక్కటే చెప్పాడు. తరువాత ఇది ఏ నెల అని అడిగితే కూడా చాలాసేపు ఆలోచించాడు. లైసెన్సు ఇవ్వలేదు. ఆ కుర్రవాడికి ఎదురుగా ఇంకో ముసలివాణ్ణి ఎక్కడినుంచో పట్టుకొచ్చారు. వాడికి కొంపాద్రే ఎవరో నేను కనుక్కోలేదు.

తిరుగు బస్సులో వాడు ముందు సీట్లో కూర్చున్నాడు, నన్ను వెనక్కి పొమ్మన్నాడు. దిగేటప్పుడు మాత్రం ఆగి, "ఎదుటివాళ్ళు కొడితే కాచుకోవడం నేర్పారు మీరు. మీరే కొడతారని చెప్పలేదు" అన్నాడు. కొంపాద్రే అనలేదు. లండీకి కబురు చేరిపోయినట్టుంది, స్టాండులో నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని వదిలింది. అది కూడా వాడు చూశాడు.

పదకొండు రోజులు రాలేదు. వీధిలో కనబడితే అటు తిరిగిపోయాడు. నెల్సీ పుట్టినరోజుకు నాకు పిలుపు లేదు. పిల్లకు కొన్న గౌను మా బీరువాలోనే ఉండిపోయింది. అంత బాధలోనూ, వాడు ప్రాణాలతో తిరుగుతున్నాడు కదా అని ఒకపక్క కడుపు నిండేది.

పన్నెండో రోజు పొద్దున జిమ్ము తలుపు తీసేసరికి విల్బెర్త్ గుమ్మంలో ఉన్నాడు. లోపలికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే బల్ల మీద కూర్చుని, వేళ్ళు విడదీసి రెండు చేతులూ చాపాడు.

"కట్టండి కొంపాద్రే. ఆ రేవు ఊరి పోటీ ఎప్పుడన్నారు?"

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. ఏమీ లేదు. నిద్ర లేచి మొహం కడుక్కున్నంత శుభ్రంగా ఉంది.

"ఇంకా తేదీ ఇవ్వలేదు" అన్నాను.

అప్పటినుంచి రోజూ వస్తున్నాడు, రోజూ అడుగుతున్నాడు. పట్నంలో పెద్ద డాక్టర్లు తలకు ఫోటోలు తీసి ఏమేమో చెప్పారు, లండీ మందులు వేయిస్తోంది. రింగులోకి మాత్రం రానివ్వను, సంచి ఒక్కటే. సంచి ముందు నిలబడితే వాడి చేతులు ఏదీ మరిచిపోవు. ఎడమ, కుడి, ఎడమ. ఉప్పు, నిచ్చెన, కోడి. ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో వాడికి తెలియదు. జిమ్ములో ఇప్పుడు ఎవరూ వెనకనుంచి పాడటం లేదు.

వాడు నన్ను క్షమించాడో, మరిచిపోయాడో నాకు తెలియదు. అడిగితే గుర్తొస్తుందేమోనని భయం, అడగకపోతే ఎప్పటికీ తెలియదు. పట్టీ చుడుతున్నప్పుడు ప్రతిరోజూ ఒకసారి వాడి కళ్ళలోకి చూస్తాను, కోపం కనబడుతుందేమోనని. ఏదో ఒక రోజు చేతులు వెనక్కి లాక్కుని, మోసగాడా అని నన్ను తిడితే బాగుండునని ఉంటుంది.

"ఇంకొంచెం బిగించండి కొంపాద్రే" అంటాడు.

బిగిస్తాను.